మంగు వారసత్వమే కావచ్చు, ముందు ఆ ట్యూబు సంగతి చూద్దాం

ప్రశ్న: నా వయసు 29. ఉండేది తాడేపల్లి, ఉద్యోగం విజయవాడ. రోజూ స్కూటీ మీద వారధి దాటి వెళ్లి వస్తాను. రెండేళ్లుగా బుగ్గల మీద, పై పెదవి మీద మంగు మచ్చలు ఉన్నాయి. మా అమ్మమ్మకూ, అమ్మకూ ఇవే మచ్చలు. అమ్మానాన్నలది మేనరికం. ఉమ్మి పంపితే జన్యువులు పరీక్షించి మన చర్మానికి సరిపడే క్రీములు చెబుతామని ఒక ప్రకటన చూశాను. పదిహేను వేలు అవుతుందట, చేయించుకోమంటారా? ప్రస్తుతం మందుల షాపులో ఇచ్చిన క్రీము పది నెలలుగా రాత్రిపూట రాస్తున్నాను. మొదట్లో బాగా తగ్గింది, ఇప్పుడు రెండు రోజులు మానేస్తే ముఖం మండి ఎర్రబడుతోంది. పెళ్లయి ఏడాదిన్నర అయింది, పిల్లల కోసం చూస్తున్నాం.
– ఒక పాఠకురాలు, తాడేపల్లి

జవాబు: మీరు అడిగింది జన్యు పరీక్ష గురించే అయినా, నన్ను కలవరపెట్టినవి మీ ఉత్తరంలోని చివరి వాక్యాలు కాబట్టి ముందు వాటి గురించే రాస్తాను. ముఖం చూడకుండా రాస్తున్న ఈ జవాబును నిర్ధారణగా భావించవద్దని మనవి.

ఆ క్రీము పేరు మీరు రాయలేదు. మొదట్లో మచ్చలు వేగంగా పలచబడటం, ఇప్పుడు రెండు రోజులు మానేస్తే చాలు మంట, ఎరుపు రావడం చూస్తే అందులో స్టిరాయిడ్ ఉన్నదని అనుమానిస్తున్నాను. మంగుకు ఇలా చేతికిచ్చే ట్యూబుల్లో తరచుగా రంగును తగ్గించే హైడ్రోక్వినోన్, విటమిన్-ఎ తరహా మందైన ట్రెటినాయిన్, వాటితోపాటు మోమెటసోన్ వంటి ఒక స్టిరాయిడ్ కలిసి ఉంటాయి. ఇది చెడ్డ మందు కాదు, మేమూ రాస్తాము. అయితే కొన్ని వారాలకు మాత్రమే, మధ్యలో ముఖం చూస్తూ రాస్తాము. పది నెలలు రాస్తే స్టిరాయిడ్ వల్ల చర్మం పలచబడుతుంది, సన్నని ఎర్రని రక్తనాళాలు కనబడతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు రావచ్చు, చివరకు ఆ క్రీము లేనిదే ముఖం నిలవలేని స్థితి ఏర్పడుతుంది. హైడ్రోక్వినోన్‌ను ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి నీలం కలిసిన నల్లని మచ్చలు పడతాయి, వాటిని పోగొట్టడం మంగును తగ్గించడం కన్నా కష్టం.

2018లో కేంద్ర ప్రభుత్వం అనేక స్టిరాయిడ్ పూతమందులను వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. మీ ట్యూబు మీద నిలువుగా ఎర్రని గీత, షెడ్యూల్ హెచ్ (చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితా) అన్న మాట ఉన్నాయేమో చూడండి. చదువుకున్నవారు, ఉద్యోగం చేస్తున్నవారు, పది నెలల్లో ఒక్కసారైనా ఆ అక్షరాలు చదవకపోవడం నాకు బాధ కలిగించింది. మా ఓపీలో ఈ తరహా ముఖాలను వారం వారం చూస్తున్నాను, వారిలో ఎక్కువమంది రెండు మూడు నెలల ముందే వచ్చి ఉంటే ఇంత ఇబ్బంది పడేవారు కాదు.

ఇక గర్భం విషయం. ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ గర్భిణులకు, గర్భం కోరుకుంటున్నవారికి మేము రాయము. నెల తప్పిందని తెలిసేనాటికే పిండంలో అవయవాలు రూపుదిద్దుకోవడం మొదలై ఉంటుంది కనుక, అప్పుడు మానేద్దామనుకోవడం ఆలస్యమే. పైన రాసే మందు రక్తంలోకి చేరేది తక్కువే కాబట్టి ఇప్పటిదాకా వాడినందుకు భయపడనవసరం లేదు, కానీ కొనసాగించవద్దు. ఆపిన తరువాత మంట, ఎరుపు కొన్ని వారాలు పెరగవచ్చు. చాలామంది దానికి బెదిరి మళ్లీ అదే ట్యూబు పట్టుకుంటారు. అందువల్ల ఈ వారంలోనే చర్మవైద్యులను కలిసి వారి పర్యవేక్షణలో మానండి. నిమ్మరసం, పసుపు, బేకింగ్ సోడా వంటివేవీ ఈ సమయంలో రాయకండి. మంగుకు ట్రనెక్సామిక్ యాసిడ్ (రక్తస్రావాన్ని తగ్గించే మందు) మాత్రలు మంచివని ఎవరైనా చెప్పినా సొంతంగా కొని మింగకండి, రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవారికి అవి ప్రమాదకరం.

వారసత్వం మాటకొస్తే, మంగుకు కుటుంబ చరిత్ర బలమైన కారణమే. మనుషులందరిలో రంగునిచ్చే కణాల సంఖ్య దాదాపు ఒకటే. అవి తయారుచేసే మెలనిన్ ఎంత, ఏ రకం, ఎలా పంచబడుతుంది అన్నదాన్ని అనేక జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. వాటిలో ఎస్‌ఎల్‌సీ24ఏ5 అన్న జన్యువుపై హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనం 2013లో వెలువడింది. కవలలపై జరిగిన అధ్యయనాల్లో మొటిమలకు కూడా వారసత్వ ప్రభావం చాలా ఎక్కువని తేలింది. చర్మపు రక్షణ పొరకు తోడ్పడే ఫిలాగ్రిన్ జన్యువులో లోపం ఉంటే చర్మం పొడిబారి ఎగ్జిమా రావచ్చు. అయితే ఇవి మొగ్గును తెలిపేవే గాని, మీకు ఏ క్రీము సరిపడుతుందో చెప్పేవి కావు. మీ మంగును బయటికి తెచ్చినది ఎండ, హార్మోన్లు కావచ్చు. ఆ పదిహేను వేలు ఖర్చు చేయకుండా అమ్మను అడగండి: ఆమెకు మచ్చలు ఏ వయసులో, ఎన్నో కాన్పు తరువాత, ఏ మాత్రలు వాడుతుండగా వచ్చాయో తెలిస్తే నాకు ఆ నివేదిక కన్నా ఎక్కువ ఉపయోగం.

మేనరికం వల్ల మంగు రాదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపం సంక్రమిస్తేనే వచ్చే కొన్ని అరుదైన చర్మవ్యాధులకు మాత్రం మేనరికంలో అవకాశం పెరుగుతుంది. మీ పెళ్లి కూడా మేనరికమేనా అన్నది మీరు చెప్పలేదు. మీదీ మేనరికమే అయితే గర్భానికి ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లడం మంచిది. జన్యువుల కోసం ఖర్చు చేయదలచుకుంటే అక్కడ చేయండి.

స్కూటీ మీద వారధి దాటే మీకు ఎండ నుంచి రక్షణే అసలు చికిత్స. ముఖానికి చున్నీ చుట్టుకోవడం మంచిదే, కానీ దానితో సరిపెట్టుకోకండి. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన, ఐరన్ ఆక్సైడ్ ఉన్న లేత రంగు సన్‌స్క్రీన్‌ను రెండు వేళ్ల పొడవున తీసుకుని ముఖానికి, మెడకు రాసుకోండి, బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయండి. మన చర్మంలో మంగును కంటికి కనబడే కాంతి కూడా పెంచుతుంది, దాన్ని అడ్డుకునేది ఈ రంగే. చర్మం కుదుటపడేదాకా మంట పుట్టించని మాయిశ్చరైజర్ చాలు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ట్యూబును డబ్బాతో సహా తీసుకెళ్లండి. మంగు మొదలు కాకముందు తీయించుకున్న ఫొటో ఒకటి, మీ చివరి నెలసరి తేదీ కూడా దగ్గర పెట్టుకోండి. ఇప్పటికే నెల తప్పి ఉంటే ముందుగా గర్భ పరీక్ష చేయించుకుని, ఆ తరువాతే వెళ్లండి.