చీటీ కడుతున్నానని చెప్పి థెరపీకి వెళ్తున్నాను, ఇన్సూరెన్స్‌లో పెట్టమంటారా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం. మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నేను ఇంట్లో ట్యూషన్లు చెబుతాను. ఏడాదిన్నర క్రితం నాన్న గుండెపోటుతో పోయారు. అప్పటి నుంచి రాత్రిళ్లు ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరి అందదు. ఈసీజీ, టూడీ ఎకో అన్నీ నార్మల్. ఇవి పానిక్ అటాక్స్ అని చెప్పి డాక్టరు గారు క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. వారానికో సెషన్, 1,500 రూపాయలు. ఆరు సెషన్లు అయ్యాయి, తేడా తెలుస్తోంది. కానీ అత్తయ్య ‘మాట్లాడటానికి కూడా డబ్బులా’ అన్నారు. మావారు ఏమీ మాట్లాడలేదు. మూడో సెషన్‌తో ఆపేశానని చెప్పి, ట్యూషన్ డబ్బులతో చీటీ కడుతున్నానని అబద్ధమాడి వెళ్తున్నాను. బిల్లులు బియ్యం డబ్బాలో దాస్తున్నాను. మావారి కంపెనీ ఇన్సూరెన్స్‌లో నా పేరుంది. పెడితే ఆఫీసులో తెలిసిపోతుందని, రేపు వేరే పాలసీ ఇవ్వరని భయం. పెట్టమంటారా, చేతి డబ్బే కట్టుకోమంటారా?

జవాబు: తేడా తెలుస్తోందని మీరు రాశారు చూడండి, ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నాన్నగారు పోయిన దుఃఖం మీ ఒంట్లో ఇన్నాళ్లు దడగా తిరిగింది. ఇప్పుడిప్పుడే కాస్త నెమ్మదిస్తోంది. డబ్బు సంగతి ఎలా తేలినా సెషన్లు మాత్రం మధ్యలో వదిలేయకండి.

ఇన్సూరెన్స్ గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. శారీరక జబ్బులకు ఎలా ఇస్తారో మానసిక జబ్బులకూ అలాగే బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్‌లో ఉంది. 2022 అక్టోబరు 31లోగా పాలసీలన్నీ దానికి తగ్గట్టు ఉండాలని, బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ గడువు కూడా పెట్టింది. ఇది చదివి చాలామంది కౌన్సెలింగ్ బిల్లులు పట్టుకుని వెళ్తారు, రాదనేసరికి తమకేదో అన్యాయం జరిగిందని కుంగిపోతారు. అసలు చిక్కు వేరు. మన దగ్గర మామూలు హెల్త్ పాలసీ ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తుంది. జ్వరమొచ్చి డాక్టరుకు చూపించుకుని వస్తే ఆ ఫీజు రాదు కదా, వారం వారం వెళ్లొచ్చే సెషన్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పాలసీలో ఓపీడీ కవర్, అంటే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చులకు ఇచ్చేది, విడిగా ఉంటేనే ఆశ. కంపెనీ గ్రూప్ పాలసీలు కొన్నిటిలో అది ఉంటుంది, ఏడాదికి ఇంత అని పరిమితితో. అందులోనూ మందులు రాసే సైకియాట్రిస్టు ఫీజు ఇచ్చి, మాటలతో చికిత్స చేసే సైకాలజిస్టు ఫీజు ఇవ్వనివి ఉంటాయి. కాబట్టి ‘మానసిక జబ్బులు కవరవుతాయా’ అని అడిగితే అవుననే అంటారు, అది మీకు పనికిరాదు. ‘ఆసుపత్రిలో చేరకుండా క్లినికల్ సైకాలజిస్టు దగ్గర తీసుకునే సెషన్లకు ఇస్తారా, ఏడాదికి ఎంత వరకు, బిల్లు ఎన్ని రోజుల్లో పెట్టాలి’ అని అడగాలి. ఫోన్‌లో కాదు, మెయిల్‌లో. డాక్టరు రాసిచ్చిన రిఫరల్ కాగితం భద్రంగా ఉంచండి. బిల్లు మీద సైకాలజిస్టు రిజిస్ట్రేషన్ నంబరు కూడా వేయించుకోండి. క్లినికల్ సైకాలజిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చే నంబరది.

ఇంకోటి కూడా కనుక్కోండి. చాలా కంపెనీల్లో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అని ఉంటుంది. ఉద్యోగికి, కొన్నిచోట్ల కుటుంబానికి కూడా, కొన్ని కౌన్సెలింగ్ సెషన్లు ఉచితం. ఇన్సూరెన్స్‌కూ దీనికీ సంబంధం లేదు.

ఆఫీసులో తెలుస్తుందన్న మీ భయం తప్పు కాదు. మానసిక చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు అదే చట్టం 23వ సెక్షన్‌లో మీకు ఉంది. అయినా బిల్లులు హెచ్‌ఆర్ చేతుల మీదుగా వెళ్తాయా, బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ పోర్టల్‌లో నేరుగా పెట్టుకోవచ్చా అన్నది ముందే తెలుసుకోండి. నేరుగా పెట్టే వీలుంటే అలాగే చేయండి. ఇక వేరే పాలసీ సంగతి. చేతి డబ్బు కడితే ఎక్కడా రికార్డుండదు, కొత్త పాలసీ అప్పుడు చెప్పక్కర్లేదు అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. ఫీజు ఎవరు కట్టినా, కొత్త పాలసీకి నింపే ప్రపోజల్ ఫారంలో అడిగిన చికిత్స గురించి రాయాల్సిందే. దాచినట్టు తేలితే రేపు పెద్ద ఆపరేషన్ క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడొచ్చు. చెప్పినంత మాత్రాన ప్రతి కంపెనీ పాలసీ ఇవ్వననదు. ముందు నుంచీ ఉన్న జబ్బు అని వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) పెట్టినా, ఇప్పటి నిబంధనల ప్రకారం అది 36 నెలలు దాటకూడదు.

అన్నీ చెప్పాను గానీ, మీరు గమనించని సంగతి ఒకటుంది. ఆ పాలసీ మీవారి ఉద్యోగం మీద ఉన్నది. క్లెయిమ్ ఆయన లాగిన్ నుంచే వెళ్లాలి. ఆయనకు తెలియకుండా ఈ దారిలో ఒక్క అడుగు పడదు. నన్నడిగితే అదే మంచిదంటాను. గుండె దడ తగ్గించుకోవడానికి వెళ్తూ, ఇంట్లో ఎవరు బియ్యం తీస్తున్నా గుండె దడదడలాడేలా బతుకుతున్నారు మీరు. రేపు చీటీ ఎప్పుడు పాడుతున్నావని అడిగితే మళ్లీ ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. నెలకు ఆరు వేల కంటే ఈ భారమే మీకు ఎక్కువ.

మీవారు అప్పుడు ఏమీ మాట్లాడలేదన్నారు. వద్దన్నారని మీరు రాయలేదు. ఎకో తీయించిన రోజు ఎంతయిందని లెక్క అడిగారా? ఆ రిపోర్టులో గుండె బాగుందని వచ్చింది, మరి దడ ఎందుకని వెతకడమే ఈ సెషన్లు. అత్తయ్యగారు లేని సమయం చూసి, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి: ‘నేను ఆపలేదండీ, వెళ్తూనే ఉన్నాను. నాకు తగ్గుతోంది. మీకు చెప్పలేక చీటీ అని చెప్పాను.’ అంతే చాలు. సంజాయిషీలు వద్దు. ఆయనకు కోపం రావచ్చు, ఆ కోపం అబద్ధం మీదే గానీ మీ జబ్బు మీద కాకపోవచ్చు. కుదిరితే ఒక సెషన్‌కు ఆయన్ను వెంట తీసుకెళ్లండి, మీ సైకాలజిస్టును ముందే అడిగి. అత్తయ్యగారిని ఇప్పుడే ఒప్పించాలని పెట్టుకోకండి. ఆ పని మీవారిది.

ఇన్సూరెన్స్ రాకపోతే ఫీజు బరువుగా ఉందని మీ సైకాలజిస్టుకే మొహమాటం లేకుండా చెప్పండి. తగ్గించేవాళ్లున్నారు. నెమ్మదించాక రెండు వారాలకోసారి చేసేవాళ్లూ ఉన్నారు. ఆ నిర్ణయం ఆమెతో కలిసి తీసుకోండి, మీ అంతట మీరు కాదు. అదీ కుదరకపోతే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ పేరు వినగానే వెనక్కి తగ్గేవాళ్లను చాలామందిని చూశాను, నాకు బాధేస్తుంది. మీలాంటి ఇబ్బందికి కూడా అక్కడ ఓపీలో చూస్తారు. అర్ధరాత్రి దడ మొదలై ఎవరినీ లేపలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఈ వారం సెషన్‌కు వెళ్లే ముందు ఆ బిల్లులు బియ్యం డబ్బాలోంచి తీసేయండి. దుమ్ము దులిపి, తేదీల వరుసలో ఒక ఫైల్లో పెట్టండి. క్లెయిమ్ వచ్చినా రాకపోయినా అవి మీ వైద్యం కాగితాలు. మీ ఎకో రిపోర్టు ఏ బీరువాలో ఉందో, ఆ ఫైల్ కూడా అక్కడే ఉండాలి.