ఊదితేనే పనిచేసే వీడియో గేమ్ క్యాసెట్

ప్రశ్న: 1990లలో అబిడ్స్‌లో కొన్న వీడియో గేమ్ మా ఇంటి అటక మీద దొరికింది. క్యాసెట్ పెడితే ఒకసారి బొమ్మలు గజిబిజిగా వస్తున్నాయి, మరోసారి తెర అంతా ఒకే రంగులో నిలిచిపోతోంది. చిన్నప్పటిలా క్యాసెట్‌లోకి ఊది పెడితే కాసేపు ఆడుతోంది. అడాప్టర్ కూడా విపరీతంగా వేడెక్కుతోంది. దీన్ని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: యంత్రం చెడిపోయిందని అప్పుడే నిర్ణయించుకోకండి. ఇలాంటి లక్షణాలకు కారణం చాలావరకు క్యాసెట్ పిన్నుల మీద, అవి కూర్చునే స్లాట్‌లో పేరుకున్న మురికే. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో కంపెనీ వీడియో గేమ్ యంత్రం ఫ్యామికామ్ క్యాసెట్‌కు 60 పిన్నులు ఉంటాయి. మన దగ్గర అమ్ముడైన నకలు యంత్రాలు ఎక్కువగా ఆ పద్ధతినే అనుసరించాయి. అందులో ఆటను నడిపే ప్రోగ్రామ్‌కూ, బొమ్మల సమాచారానికీ దారులు వేర్వేరు కాబట్టి, శబ్దం సరిగ్గా వస్తూ ఆట సాగుతున్నా బొమ్మలు మాత్రం చెదిరితే బొమ్మల వైపు పిన్ను ఏదో అందడం లేదని, ఆట మొదలే కాకపోతే ప్రోగ్రామ్ వైపు పిన్నును అనుమానించాలని గుర్తుపెట్టుకోండి.

ఊదడం మానేయండి. అసలు పనిచేసేది క్యాసెట్‌ను తీసి మళ్లీ పెట్టడమే. ఊపిరిలోని తేమ మాత్రం పిన్నులకు చిలుము పట్టిస్తుంది. కరెంటు ప్లగ్ తీసేసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్ బడ్‌తో పిన్నుల పొడవునా, బడ్‌కు నలుపు అంటడం ఆగేదాకా తుడవండి. శానిటైజర్ వాడకూడదు, అందులోని గ్లిజరిన్ జిగటగా మిగిలిపోతుంది. గరుకు కాగితం అసలే వద్దు, అది పిన్నుల పైపూతను గీకేస్తుంది. స్లాట్ కోసం పలుచని అట్టకు నూలు గుడ్డ చుట్టి, అదే ఆల్కహాల్‌తో కాస్త తడిపి, నాలుగైదుసార్లు మెల్లగా దించి తీయండి. గుడ్డతో కలిపి అట్ట మందం క్యాసెట్ బోర్డు మందాన్ని మించితే లోపలి పిన్నులు వెడల్పై, ఆ తరువాత ఏ క్యాసెట్టూ బిగువుగా కూర్చోదు. పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి.

అడాప్టర్ విషయంలో మాత్రం తొందరపడవద్దు. ఇలాంటి యంత్రాలు ఎక్కువగా 9 వోల్టుల డీసీతో నడుస్తాయి. లోపల 7805 అనే రెగ్యులేటర్ దాన్ని 5 వోల్టులకు తగ్గిస్తుంది. ఇంట్లో ఉంది కదా అని 12 వోల్టుల వైఫై రౌటర్ అడాప్టర్ తగిలిస్తే, వేడిగా వృథా అయ్యేది 4 వోల్టులకు బదులు 7 వోల్టులవుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ధ్రువాలది: ఫ్యామికామ్ ప్లగ్‌లో మధ్య భాగం నెగటివ్, రౌటర్ అడాప్టర్లలో అది సాధారణంగా పాజిటివ్. కాబట్టి యంత్రం అడుగున ఉన్న గుర్తును చూసి, మల్టీమీటర్‌తో (వోల్టులు కొలిచే పరికరం) సరిచూసుకున్నాకే కొత్తది పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత అడాప్టర్‌ను దేనికీ కలపకుండా కొలిస్తే 9 కన్నా ఎక్కువే చూపుతుంది, అది లోపం కాదు. పైభాగం ఉబ్బిన కెపాసిటర్ (కరెంటును కాసేపు నిల్వచేసే చిన్న డబ్బా లాంటి భాగం) యంత్రం లోపల కనిపిస్తే, అంతే మైక్రోఫారడ్లు (దాని నిల్వ సామర్థ్యం కొలత), అంతే లేదా ఎక్కువ వోల్టులు ఉన్నది కోఠి గుజరాతీ గల్లీలో కొని మార్పించవచ్చు.

ఇంకొక మాట. మీ క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని ఉండి, అవే ఆటలు తిరిగి తిరిగి వస్తే దానికి మరమ్మతు లేదు. తయారైనప్పుడే అలా ఉంది.

ప్రశ్న: మా పాత వీడియో గేమ్‌తోపాటు వచ్చిన తుపాకీ, బాతులను కాల్చే ఆటలో, కొత్త ఎల్‌ఈడీ టీవీ మీద ఒక్క బాతునూ కొట్టడం లేదు. తుపాకీ పాడైందా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పాడై ఉండకపోవచ్చు. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం వెలుగుతుంది; ఆ వెలుగు సరిగ్గా ఆ క్షణంలోనే అందిందా లేదా అని తుపాకీ చూస్తుంది. పాత డబ్బా టీవీ సిగ్నల్ వచ్చిన వెంటనే గీత వెంట గీతగా బొమ్మను గీస్తుంది, కొత్త టీవీ మాత్రం బొమ్మను సరిదిద్దుకుని కాస్త ఆలస్యంగా చూపుతుంది. ఎంత శుభ్రం చేసినా ఆ తేడా పోదు కాబట్టి, తుపాకీ ఆటల కోసం పిక్చర్ ట్యూబ్ ఉన్న టీవీనే వెతుక్కోవాలి.