ఫైర్ సర్వీసులో రిస్క్ లెక్క చూసుకోవడమంటే వెనకడుగు వేయడమా?

మీ తమ్ముడికి ఫైర్‌మ్యాన్ ఉద్యోగం వచ్చిందనీ, ట్రైనింగులో రిస్క్ మేనేజ్‌మెంట్ గురించి చెబుతున్నారనీ రాశారు. అవతల ప్రాణాలు పోతుంటే లెక్కలు వేసుకుంటూ నిలబడటం పిరికితనం కాదా అని అడిగారు. నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో పుట్టి పెరిగినవాణ్ణి. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల స్టేషన్లలో 28 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. చేరిన కొత్తలో నాకూ ఇదే అనుమానం ఉండేది. ఒక నుయ్యి దగ్గర అది తీరిపోయింది.

మా వైపు వేసవిలో నూతుల్లో నీళ్లు అడుగంటుతాయి. ఏడెనిమిది మీటర్ల లోతు దాటితే పైన పెట్టిన పంపు నీటిని పీల్చలేదు. అందుకని కొందరు రైతులు డీజిల్ ఇంజినునే నూతిలోకి దించి, లోపలి గట్టు మీద పెట్టి నడుపుతారు. మహేంద్రతనయ నది ఒడ్డున ఒక ఊళ్లో అలాగే చేశారు. ఇంజిను ఆగిపోతే చూడ్డానికి దిగిన అన్న పైకి రాలేదు. అన్న కోసం తమ్ముడు దిగాడు, అతనూ రాలేదు. మేం వెళ్లేసరికి మూడో మనిషి తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని తాడు పట్టుకుని ఉన్నాడు. అంతకుముందే ఎవరో లాంతరు దించి చూశారట. అది ఆరలేదు కాబట్టి గాలి బాగానే ఉందన్నారు. లాంతరు ఆరిపోతే ఆక్సిజన్ తగ్గిందని తెలుస్తుంది. ఇంజిను పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చంపేంత ఉన్నా లాంతరు వెలుగుతూనే ఉంటుంది. తడి తువ్వాలు ఆ వాయువును ఆపదు. ఊళ్లల్లో ఈ రెండింటినీ ఇంకా నమ్ముతున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా బండిలో కొత్తగా చేరిన కుర్రాడు ఒకడున్నాడు. అప్పటికే బూట్లు విప్పేశాడు. "ఒక్క నిమిషం అన్నా, ఊపిరి బిగబట్టి దిగి తాడు కట్టేసి వచ్చేస్తాను" అన్నాడు. నేను వాడి మోచెయ్యి పట్టుకుని ఆపాను. ఆ ఇద్దరి తల్లి నా చొక్కా పట్టుకుని "నా బిడ్డలు బాబూ" అని గుంజుతోంది. వెనక నుంచి ఎవరో మట్టిబెడ్డ విసిరారు. మా దగ్గర బీఏ సెట్లు రెండే ఉన్నాయి. వీపున గాలి సిలిండరు, ముఖానికి మాస్కు ఉండే సెట్టును మేం బీఏ అంటాం. ఒకటి దిగేవాడికి తగిలించి, రెండోది వేసుకున్న మనిషిని గట్టు మీద సిద్ధంగా నిలబెట్టి, నడుముకు లైఫ్‌లైన్ తాడు కట్టి, మాస్కు అంచుల్లోంచి గాలి పోవడం లేదని చూసుకునేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ నేను ఆ తల్లి కళ్లలోకి చూడలేకపోయాను.

అన్న తర్వాత దిగిన తమ్ముడు బతికాడు. అన్న దక్కలేదు. ఆ రాత్రి స్టేషన్లో కూర్చుని లెక్క చూసుకున్నాను. కుర్రాణ్ణి వదిలి ఉంటే లోపల ముగ్గురయ్యేవారు, వాళ్లను పైకి లాగడానికి నాకు ఒక మనిషి తక్కువయ్యేవాడు. బతికిన తమ్ముడు కూడా దక్కేవాడు కాదేమో. ఇది మా ఊళ్ల అమాయకత్వం అనుకోకండి. ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడటానికి దిగినవాళ్లేనని అమెరికాలో కార్మికుల భద్రతను చూసే నియోష్ సంస్థ 1986లోనే హెచ్చరించింది.

ఇక మీ తమ్ముడికి చెబుతున్న రిస్క్ మేనేజ్‌మెంట్ సూత్రం సంగతి. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో చాలా ఏళ్లు ఫైర్ చీఫ్‌గా ఉన్న అలన్ బ్రునాచినీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. కాపాడగలిగే ప్రాణం కోసం పెద్ద రిస్క్ తీసుకుంటాం, కానీ లెక్క చూసుకుని తీసుకుంటాం. కాపాడగలిగే ఆస్తి కోసమైతే చిన్న రిస్కే. అప్పటికే పోయిన ప్రాణం కోసం, పోయిన ఆస్తి కోసం మా మనిషిని పంపం. ఇందులో బరువంతా "కాపాడగలిగే" అన్న మాట మీదే ఉంది. అది తేల్చాల్సింది మంట ముందు నిలబడ్డ ఆఫీసరే. ఒకసారి తేల్చి వదిలేస్తే కుదరదు. గాలి మళ్లినా, కప్పు కుంగినా, పొగ రంగు మారినా మళ్లీ మొదటినుంచి చూసుకోవాలి.

ఆ ఫీనిక్స్‌లోనే 2001 మార్చి 14న ఒక సూపర్‌మార్కెట్ మంటల్లో ఒక ఫైర్‌ఫైటర్ దారి తప్పి, సిలిండరులో గాలి అయిపోయి చనిపోయాడు. ఆ తర్వాత వాళ్లు పెద్ద భవనాల్లో ప్రయోగాలు చేసి చూశారు. లోపల చిక్కుకున్న ఒక్క ఫైర్‌ఫైటర్‌ను బయటికి తేవడానికి సగటున 12 మంది, 21 నిమిషాలు కావలసి వచ్చాయి. వెళ్లిన ప్రతి ఐదుగురిలో ఒకరు తామే ఇబ్బందిలో పడ్డారు. మా స్టేషన్లలో ఒక షిఫ్టుకు 12 మంది ఎక్కడ ఉంటారు? మా మనిషి లోపల పడిపోతే తీసుకొచ్చేవాళ్లు లేరన్న సంగతి గుర్తుంచుకునే నేను ఎవరినైనా లోపలికి పంపేవాణ్ణి.

ప్రాణం సంగతి ఎవరికైనా అర్థమవుతుంది. ఆస్తి దగ్గరే చాలా కష్టం. గుణుపురం వైపు ఒక ఊళ్లో మధ్యాహ్నం పూట పాకల వరస అంటుకుంది. మూడు ఇళ్లు మండుతున్నాయి, నాలుగో ఇంటి చూరు రాజుకుంటోంది. మా బండిలో 4,500 లీటర్ల నీళ్లు. నిమిషానికి 450 లీటర్లు వదిలే గొట్టం ఒక్కటి పట్టినా పది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. ముందు ఊరి పెద్దను పిలిచి ఇంటింటికీ మనుషుల లెక్క అడిగాను, అందరూ రోడ్డు మీదే ఉన్నారు. అది తేలాక, మండుతున్న మూడిళ్లనూ వదిలేశాను. నీళ్లన్నీ నాలుగో ఇంటి మీద పెట్టి, ఐదో ఇంటి తాటాకు కప్పును కొక్కేలతో లాగించేశాను, మంటకు మేత దొరక్కుండా.

మూడో ఇల్లు ఒక ముసలమ్మది. కూతురి పెళ్లికి దాచిన డబ్బు లోపల ట్రంకుపెట్టెలో ఉందని నా కాళ్లు పట్టుకుంది. ఆ ఇంట్లో 14.2 కిలోల గ్యాస్ సిలిండరు కూడా ఉంది. దూలాలు అప్పటికే నల్లబడి వంగాయి. మావాళ్లలో ఇద్దరు "తెచ్చేస్తాం సార్" అన్నారు. వద్దన్నాను. కాసేపటికి కప్పు కూలింది, ఆ వెంటనే సిలిండరు పేలింది. మిగతా వరస అంతా నిలిచింది. తర్వాత ఆ ఊరు వెళ్లినప్పుడు ఆవిడ నన్ను చూసి ముఖం తిప్పుకుంది. ఆవిడను తప్పు పట్టను. కానీ ఆ నిర్ణయం మళ్లీ తీసుకోవలసి వస్తే అలాగే తీసుకుంటాను.

ఏటా ఏప్రిల్ 14న మేం స్టేషన్లో నివాళి అర్పిస్తాం. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టైకిన్ అనే ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ ఓడలో పత్తి బేళ్లతోపాటు సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు ఉన్నాయి. వాళ్ల ధైర్యానికి ఏటా చేతులెత్తి దండం పెడతాను. లోపల ఏం సరుకుందో తెలుసుకోకముందు ఎవరినీ దగ్గరికి పంపకూడదని కొత్తవాళ్లకు ఆ రోజునే చెప్పేవాణ్ణి. గోడౌను కానివ్వండి, లారీ కానివ్వండి, నా మొదటి ప్రశ్న "లోపల ఏముంది?" అనే.

మీ తమ్ముడికి ఒక పని చెప్పండి. ఆరు లీటర్ల బీఏ సిలిండరును 300 బార్ల ఒత్తిడికి నింపితే 1,800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున పీలిస్తే 45 నిమిషాలు వస్తుందని క్లాసులో చెబుతారు. గొట్టం మోస్తూ, టెన్షన్‌లో మెట్లెక్కే మనిషి అంతకు చాలా ఎక్కువ పీలుస్తాడు. దాదాపు 50 బార్ల దగ్గర గాలి తగ్గిందని సెట్టులోని విజిల్ మోగుతుంది. కొత్తవాళ్లు అప్పుడు వెనక్కి తిరుగుతారు, కానీ అప్పటికే బయటికి వచ్చేసి ఉండాలి. చేరిన మొదటి వారంలోనే సెట్టు తగిలించుకుని, నీళ్లు నింపిన గొట్టం భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కి దిగమనండి. ఎన్ని బార్లు ఖర్చయ్యాయో కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోమనండి.