వంటింటి సందేహాలు: మేపుల్ పాకంలో జీడిపప్పు

ప్ర: టొరంటోలో ఉంటున్న మా అమ్మాయి మేపుల్ సిరప్ (మేపుల్ చెట్టు రసం కాచి చేసే తియ్యటి పాకం) డబ్బా పంపింది. బెల్లం పాకంలా కాచి జీడిపప్పు కలిపితే, మర్నాటికే చేతికి అంటుకుపోతున్నాయి. మిగిలిన సిరప్ నిల్వ ఉంటుందా?
– ఓ గృహిణి, పలాస

జ: తీగపాకం దగ్గరే దించేసి ఉంటారు. ఈ సిరప్‌లో చక్కెర సుమారు 66 శాతం, మిగతాది దాదాపు నీళ్లే. ఆ నీరు ఇగరకపోతే పప్పు ఆరదు, దానికి తోడు మీ వైపు సముద్రపు గాలి.

పావు కిలో పప్పుకు 100 మిల్లీలీటర్ల సిరప్ చాలు. ముందు పప్పు సన్నసెగన దోరగా వేయించుకోండి. సిరప్‌ను లోతైన మందపాటి గిన్నెలోనే కాచాలి, బాగా పొంగుతుంది. నాలుగు చుక్కల నెయ్యి వేస్తే నురగ అణుగుతుంది. చన్నీళ్లలో వేసిన చుక్క ఉండ కట్టగానే (థర్మామీటరుంటే 115 డిగ్రీలు) దించి, పప్పు వేసి ఆపకుండా కలపండి. కాసేపటికి మెరుపు పోయి, పాకం ఇసుకలా పొడిపొడిగా పప్పుకు పడుతుంది. అప్పటిదాకా గరిటె వదలొద్దు. పూర్తిగా చల్లారాకే సీసాకెత్తండి. వేడిమీద మూత పెడితే ఆవిరి పట్టి మళ్లీ మొదటికొస్తుంది.

ఎంత కలిపినా ఇసుక కట్టకపోతే లేబుల్ చూడండి. ముదురు రంగు రకాల్లో చక్కెర కొంత గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడిపోయి ఉంటుంది, త్వరగా పలుకు కట్టదు. ‘గోల్డెన్’ రకం దీనికి మేలు. ‘డార్క్’ అట్లలోకి బాగుంటుంది. ‘పాన్‌కేక్ సిరప్’ అని ఉంటే మాత్రం ఆశ వదులుకోండి, సాధారణంగా అది వాసన కలిపిన మొక్కజొన్న సిరప్పే.

మిగిలింది తెరిచిన డబ్బాలో ఉంచకండి. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, బయటుంటే బూజు పడుతుంది. బూజు తీసేసి మరిగించి వాడేవాళ్లూ ఉన్నారు గానీ, మేం పారబోయమనే చెబుతాం.

ప్ర: ఈతచెట్టు గీసినట్టే మేపుల్ చెట్టునూ గీస్తారా? మా తోట గట్టున నాటితే సిరప్ తీయొచ్చా?
– ఓ రైతు, బొబ్బిలి

జ: గీయరు. మానుకు సుమారు 8 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి గొట్టం బిగిస్తారు. రాత్రి గడ్డకట్టే చలి, పగలు సున్నా డిగ్రీలు దాటిన వెచ్చదనం ఒకదాని వెంట ఒకటి వస్తేనే మానులో ఒత్తిడి పుట్టి రసం కారుతుంది. బొబ్బిలిలో ఆ చలి ఎక్కడిది? కాబట్టి ఆ గట్టున ఈతే ఉంచండి. కెనడాలోనైనా శీతకాలం చివర కొన్ని వారాలే ఈ పని. సుమారు 40 లీటర్ల రసం కాస్తే లీటరు సిరప్. చెట్టు మొగ్గ తొడిగితే రసం రుచి చెడుతుంది, ఇక గొట్టాలు పీకేస్తారు.