ఫార్మాట్ కొట్టమన్నది మీరే కదా!

ప్రశ్న (2025 నవంబర్): మాది కాజీపేట. చిన్న ఫొటో స్టూడియో ఉంది. 2024 మేడారం జాతర నుంచి వచ్చిన రెండు వారాలకు కంప్యూటర్ ఆన్ చేస్తే నల్ల తెర మీద 'బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్' (విండోస్‌ను లేపే ఫైలు లేదు) అని వచ్చి ఆగిపోయింది. హన్మకొండలో ఒక రిపేరు షాపులో ఇచ్చాను. 1,800 రూపాయలు తీసుకుని మార్చి 11న తిరిగి ఇచ్చారు. విండోస్ కొత్తది వేశారు కానీ డి డ్రైవే లేదు. ఒక పెళ్లి ఫొటోలు, జాతరలో అమ్మతో తీసుకున్న వీడియోలు అందులోనే ఉన్నాయి. అమ్మ ఆ ఏడాదే చనిపోయింది. షాపాయన 'రికవరీ చేయిస్తా' అంటూ ఇన్నాళ్లూ తిప్పుకున్నాడు. ఇప్పుడేమో 'నువ్వే ఫార్మాట్ కొట్టమన్నవు' అంటున్నాడు. వాట్సాప్‌లో అలా అన్నది నిజమే. ఆ మెసేజ్ తీసేసి, పది లక్షలకు సైబర్ క్రైమ్ కేసు పెట్టవచ్చా?

జవాబు: మీ ఉత్తరం మూడు పేజీలు. అందులో రెండున్నర పేజీలు షాపాయన మాట తప్పిన సంగతి, మీ టెన్షన్. కేసంతా ఉన్నది రెండు ముక్కల్లో. ఒకటి 'డి డ్రైవే లేదు'. రెండోది మార్చి 11.

ముందు ఆ మెసేజ్ సంగతి. మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. రిపేరు చేసే అబ్బాయి అడిగింది: 'అన్నా, విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలె, కొట్టమంటవా?' మీరు ఇచ్చిన జవాబు: 'ఏదో ఒకటి చెయ్ తమ్మీ, పొద్దుగాల షూట్ ఉంది.' మీరు దీన్ని మీ మెడకు ఉరి అనుకుంటున్నారు. నాకు మాత్రం మీ దగ్గరున్న కాగితాల్లోకెల్లా పనికొచ్చేది ఇదే అనిపిస్తోంది. అతను అడిగింది విండోస్ గురించి. విండోస్ ఉండేది సి డ్రైవ్‌లో. విండోస్ పోయిందని ఫార్మాట్ కొట్టాలంటే సి డ్రైవ్ ఒక్కటి కొడితే చాలు, పక్కనున్న డి డ్రైవ్‌ను ముట్టుకోవాల్సిన పనే లేదు. ఇక్కడ అన్ని పార్టిషన్లూ (డిస్క్‌ను సి, డి అని పంచిన భాగాలు) చెరిపేసి డిస్క్ మొత్తాన్ని ఒకటే డ్రైవ్ చేశారు. మీరు ఒప్పుకున్నది ఎంతవరకు, వాళ్లు చేసింది ఎంతవరకు? వినియోగదారుల కమిషన్ ముందు వాదన ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

అలాంటి మెసేజ్‌ను తీసేస్తారా? మీ ఫోన్లో తీసేస్తే అతని ఫోన్లో ఉండదా? రేపు అతను దాన్ని కమిషన్ ముందు పెట్టిన రోజు మీ మిగతా మాటలన్నీ అబద్ధాలైపోతాయి. పైగా సాక్ష్యం కింద చూపించాల్సి వస్తుందని తెలిసి ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేస్తే భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. కేసు వేయబోయి కేసులో ఇరుక్కోకండి. ఆ చాట్ మొదటి నుంచి చివరి దాకా, 'రికవరీ చేయిస్తా' అన్న మెసేజ్‌లతో సహా, అలాగే ఉంచండి. ఫోన్ మార్చాలనుకుంటే కేసు తేలేదాకా ఆగండి. కమిషన్‌లో సాక్ష్యం విషయం సివిల్ కోర్టులో ఉన్నంత బిగుతుగా ఉండదు. అయినా ఎదుటివాడు 'ఇది సృష్టించింది' అన్నాడంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ అడుగుతారు. పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ స్థానంలో వచ్చింది అదే. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ముందే తయారుగా పెట్టుకోండి.

ఇక మార్చి 11. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 69వ సెక్షన్ ప్రకారం నష్టం జరిగిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. డి డ్రైవ్ లేదని మీకు తెలిసింది కంప్యూటర్ తెచ్చుకున్న రోజే కాబట్టి గడువు 2026 మార్చి 11 దగ్గర ముగుస్తుంది. మన దగ్గర రెండేళ్ల లెక్క మరిచిపోవడానికి వీల్లేదు, జాతర నుంచి జాతరకే కదా. 2026 జనవరి 28న మళ్లీ మేడారం మొదలవుతుంది. జాతర బంగారం (బెల్లం) పంచుకుని ఇల్లు చేరేసరికి మీకు నెలన్నర కూడా మిగలదు. షాపాయన 'చూద్దాం, చేద్దాం' అన్నంత మాత్రాన గడువు ఆగదు. నోటీసు పంపినా ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది కానీ 'ఆయన తిప్పుకున్నాడు' అన్నది గట్టి కారణం కింద నిలబడుతుందని నేను భరోసా ఇవ్వలేను. ఇరవై నెలలు షాపు మెట్ల మీద కూర్చోవడానికి దొరికిన తీరిక, ఒక్క పూట వకీలు దగ్గరికి రావడానికి దొరకలేదా?

సైబర్ క్రైమ్ ఆలోచన మానేయండి. ఐటీ చట్టం 66వ సెక్షన్ నేరం కావాలంటే మోసపు ఉద్దేశం ఉండాలి. మీ చేత్తో మీరే ఇచ్చిన కంప్యూటర్‌ను నిర్లక్ష్యంగా చెడగొట్టడం వేరే సంగతి. సేవలో లోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు ఉండే చోటే వేయవచ్చు. మీరిచ్చింది 1,800 రూపాయలు కాబట్టి ఫీజు కూడా లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే ఫీజు అడగరు. అయితే అవతలి వకీలు మొదట పట్టుకునేది మీ స్టూడియోనే. 'ఇది వ్యాపారం, ఈయన వినియోగదారుడు కాడు' అంటాడు. బతుకుదెరువు కోసం స్వయం ఉపాధిగా నడుపుకుంటున్నారని ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయాలి. పనివాళ్లు ఎంతమందో దాచకండి.

పది లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి? పెళ్లివారికి వాపసు ఇచ్చిన 35,000కు ఫోన్‌పే రికార్డు ఉందని రాశారు. అది లెక్క. రికవరీకి అయ్యే ఖర్చు లెక్క. అమ్మ వీడియోలకు మానసిక వేదన కింద కొంత అడగవచ్చు, ఎంత ఇవ్వాలన్నది కమిషన్ ఇష్టం. అంకె పెంచితే బలం పెరుగుతుందనుకోవడం పొరపాటు.

ఇప్పుడు హార్డ్ డిస్క్. ఆ నెలలోనే కొత్త కంప్యూటర్ కొన్నానని, పాత డిస్క్ బీరువాలో ఉందని ఉత్తరం చివర, సంతకం పైన, ఒక్క లైను రాశారు. పై వరుసలో రాయాల్సింది అదే! మామూలుగా కొట్టే క్విక్ ఫార్మాట్ చేసినా, పార్టిషన్ తీసేసినా పాత హార్డ్ డిస్క్ మీది ఫైళ్లు వెంటనే చెరిగిపోవు. వాటి మీద కొత్తది రాసినప్పుడే పోతాయి. అదే ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీద దాచే రకం) అయ్యుంటే ఆశ చాలా తక్కువ. కొన్ని రోజులు వాడారు కాబట్టి కొంత పోయే ఉంటుంది, అంతా పోయుండకపోవచ్చు. మీ బావమరిది ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్ దించి ఆ డిస్క్ మీదే నడుపుతానన్నాడట. వద్దు. దేనికీ తగిలించవద్దు. డిస్క్ మీది సీరియల్ నంబరు ఫొటో తీసి, కవర్లో పెట్టి అతికించి, తేదీ వేసి సంతకం చేయండి. డేటా రికవరీ ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు ముందు డిస్క్‌కు పూర్తి నకలు తీసి, పని ఆ నకలు మీదే చేయమని రాతపూర్వకంగా అడగండి. పాత పార్టిషన్లు ఏవి, కొత్త విండోస్ వేసిన తేదీ ఏది అన్నది రిపోర్టులో రాయించండి. ఆ తేదీ డిస్క్‌లోనే ఉంటుంది. షాపాయన నోటి మాట కన్నా అది బలంగా మాట్లాడుతుంది.

ఇంకో సంగతి. ఆ రోజు కార్డ్ రీడర్ పెట్టే ఉంచి కంప్యూటర్ ఆన్ చేశానన్నారు. మా ఆఫీసు కంప్యూటర్లు చూసే అబ్బాయిని అడిగాను. కంప్యూటర్ ముందుగా యూఎస్‌బీలో వెతికేలా పెట్టి ఉంటే, అందులో విండోస్‌ను లేపే ఫైలు లేక ఇదే 'బూట్‌ఎంజీఆర్' మాట వస్తుందట. తీసి మళ్లీ ఆన్ చేస్తే సరిపోయే సందర్భాలూ ఉంటాయట. కాకపోతే విండోస్ తనను తానే బాగుచేసుకునే స్టార్టప్ రిపేర్ ఉంది, డిస్క్ విప్పి ఇంకో కంప్యూటర్‌కు పెట్టి ఫైళ్లు తీసుకునే దారి ఉంది. తాళంచెవి కనబడలేదంటే ఇంట్లో సామాను పోయినట్టు కాదు కదా. ఇవేవీ చూడకుండా ఫార్మాట్‌కు దిగారని నోటీసులో రాయవచ్చు. కారణం కార్డ్ రీడరేనని మాత్రం రాయకండి, ఇప్పుడది రుజువు చేయలేరు.

షాపు ఇచ్చిన చీటీ పంపలేదు. దాని మీద 'డేటాకు మా బాధ్యత లేదు' అని అచ్చు వేసి ఉండవచ్చు. ఆ ఒక్క లైనుతో నిర్లక్ష్యం మాఫీ కాదు, కానీ కింద మీ సంతకం ఉంటే నాకు ముందే తెలియాలి. చీటీ పోయిందా? పోయిందని చెప్పండి. అచ్చు ఆఫీసులో పాత తేదీతో కొత్తది కొట్టించే తెలివి మాత్రం వద్దు.

ఈ వారంలోనే అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పదిహేను రోజులు ఆగి ఫిర్యాదు వేయండి. ఈలోగా రాజీకి వస్తానంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కూర్చోండి, మాట కుదిరితే లోక్ అదాలత్‌లో రాయించుకోండి. కుదరకపోతే ఆ పేరుతో మార్చి దాటనివ్వకండి.

డి డ్రైవ్‌లో ఫొటోలు ఉండేవనడానికి రుజువు ఏది? ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లకు సెలెక్షన్ కోసం పంపారా? పెళ్లివారికి వాట్సాప్‌లో నాలుగైదు ఫొటోలైనా వెళ్లాయా? ఆ రోజు వాడిన మెమరీ కార్డుల్లో ఒక్కటైనా మళ్లీ వాడకుండా మిగిలిందా? ఇవి వెతికి తెచ్చాక మిగతాది మాట్లాడదాం. వచ్చేటప్పుడు డిస్క్ తీసుకురావద్దు, దాని సీరియల్ నంబరు ఫొటో చాలు.