అహంకారం ఉన్నవాళ్లు తమ తప్పును ఎందుకు ఒప్పుకోలేరు?

ఈ ప్రశ్న చదవగానే మా పెదనాన్న గుర్తొచ్చాడు. మాది ఒడిశాలోని బరంపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పెదనాన్న 30 ఏళ్లు పట్టుచీరల వ్యాపారం చేశాడు. పట్టుదారం కొని, రంగు వేయించి, కుంభం అంచు చీరలు నేయించేవాడు. సరుకు గుర్తుపట్టడంలో ఆయనకు సాటి మా వీధిలో ఎవరూ లేరు. అది నిజం. ఆ నిజాన్నే ఆయన మరీ ఎక్కువగా నమ్ముకున్నాడు.

మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారిని నేతవారి పెద్ద దేశిబెహెరా ఇంటి ఆడపిల్లగా భావించి పుట్టింటికి తీసుకొస్తారు. అందుకే నేత వీధులకు అది సొంత పండగ, చీరలకూ గిరాకీ. అలాంటి ఒక యాత్రకు ముందు పెదనాన్న కొత్త చోట రంగు వేయించిన మెరూన్ పడుగు (మగ్గం మీద నిలువుగా పరిచే దారం) తెచ్చాడు. మగ్గానికి ఎక్కించే ముందు ఒక ముసలి నేతగాడు నాలుగు పోగులు తడిపి తెల్లగుడ్డలో పెట్టి నొక్కాడు. గుడ్డ ఎర్రబడింది.

"బాబూ, రంగు దిగుతోంది. ఇది వద్దు" అన్నాడు.

చుట్టూ పదిమంది ఉన్నారు. పెదనాన్న ఆ గుడ్డ వైపు చూశాడు. ఆయన మొహం మారింది, పక్కనే ఉన్న నాకు తెలిసింది. మరుక్షణమే "నాకు రంగుల గురించి నేర్పుతావా?" అని అరిచాడు.

అందుకే అహంకారులకు తప్పు కనపడదంటే నేను నమ్మను. చాలాసార్లు కనపడుతుంది. ఒప్పుకుంటే 30 ఏళ్ల పేరు పోతుందని ఆ క్షణంలో భయం వేస్తుంది. నిజానికి పోయేది ఒక్క పడుగే.

పన్నెండు చీరలు నేశారు. మొదటిసారి తడవగానే రంగు కారి అంచులు పాడయ్యాయి. కొన్నవాళ్లకు ఉతకడం రాదన్నాడు పెదనాన్న, నీళ్లు మంచివి కావన్నాడు, చివరికి నేతగాడి చేతి చెమట అన్నాడు. ఒక సాకు చెప్పాక దాన్ని నిలబెట్టడానికి ఇంకోటి కావాలి. ఆ ముసలాయన మా ఇంటికి రావడం మానేశాడు. తర్వాత ఎవరూ పెదనాన్న ముందు పోగులు తడిపి చూపించలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. చెప్పేవాళ్లు దూరమయ్యాక, తప్పు నిజంగానే కనపడకుండా పోతుంది.

బాగా చదువుకున్నవాళ్లకీ ఇది తప్పదు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్, కాన్పు చేసే ముందు క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోమన్నాడు. ఏప్రిల్‌లో ఆయన వార్డులో బాలింతల మరణాలు 18 శాతం. వేసవికల్లా 2 శాతం దగ్గరకు పడిపోయాయి. అయినా చాలామంది పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. అప్పట్లో క్రిముల సంగతి సరిగా తెలియకపోవడం ఒక కారణం. కానీ ఒప్పుకుంటే, అన్నేళ్లూ తల్లుల ప్రాణాలు తీసింది తమ చేతులేనని కూడా ఒప్పుకోవాలి. అది ఎంత బరువో ఊహించండి.

నా సంగతీ చెప్పాలి. నేను లెక్కల ట్యూషన్ చెబుతాను. ఒకరోజు బోర్డు మీద గుర్తు తప్పు వేశాను. ఒక అమ్మాయి చెయ్యెత్తి చెప్పింది. "కావాలనే వేశాను, పట్టుకుంటారో లేదో అని" అనేశాను. అబద్ధం. ఆ వారమంతా ఎవరూ చెయ్యెత్తలేదు. పెదనాన్న ఇల్లు గుర్తొచ్చి భయం వేసింది. మళ్లీ ఆ లెక్క రాసి, తప్పు చేశానని, అబద్ధమూ చెప్పానని పిల్లల ముందే చెప్పాను. గొంతు వణికింది. ఆ అమ్మాయి మళ్లీ చెయ్యెత్తడానికి నెల పట్టింది.

మీ ఇంట్లోనో ఆఫీసులోనో అలాంటి మనిషి ఉంటే, పదిమందిలో చెప్పకండి. ఒంటరిగా, చీరలు నేయకముందే, పడుగు దగ్గరే చెప్పండి. "మీరు తప్పు చేశారు" అనకుండా "ఈ రంగు దిగుతోంది" అనండి. ముసలాయన అలాగే అన్నాడు, కానీ చుట్టూ జనం ఉన్నారు.

చాలా ఏళ్ల తర్వాత, మంచం పట్టినప్పుడు, పెదనాన్న నన్ను పిలిచి "ఆయనకు కూలి బాకీ ఉంది, ఇచ్చి రా" అన్నాడు. వెళ్లేసరికి ముసలాయన లేడు. కొడుకు డబ్బు తీసుకుని, "ఏమైనా చెప్పమన్నారా?" అని అడిగాడు.

లేదన్నాను.