డైర్ స్ట్రెయిట్స్ తర్వాత మార్క్ నాప్‌ఫ్లర్ సోలో ఆల్బమ్స్: ఆ గిటార్ ఏమైంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

మార్క్ నాప్‌ఫ్లర్ అంటే డైర్ స్ట్రెయిట్స్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్‌కి పాటలు రాసి, పాడి, గిటార్ వాయించిన మనిషి. మీ ప్రశ్న ఇది: "సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్, బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్ విని నాప్‌ఫ్లర్‌కి ఫ్యాన్ అయిపోయాను. బ్యాండ్ అయిపోయాక ఆయన చేసిన ఆల్బమ్స్ కొన్ని విన్నాను. అన్నీ నెమ్మదిగా, ఒకేలా ఉన్నాయి. ఆ గిటార్ ఏమైపోయింది? వినదగ్గవి ఏవైనా ఉన్నాయా?"

ఉన్నాయి. నన్నడిగితే ఆయన బెస్ట్ పాటల్లో సగం 1995లో బ్యాండ్ ముగిశాక వచ్చినవే. కానీ డైర్ స్ట్రెయిట్స్ విన్నట్టు వింటే అవి చేతికి చిక్కవు. ఆ బ్యాండ్‌లో గిటార్ సోలో ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ పాట వింటాం. సోలో ఆల్బమ్స్‌లో ఆయన ఎవరో ఒక మనిషి కథ చెబుతుంటాడు. బరువులెత్తే కూలీ, బాక్సర్, మిల్క్‌షేక్ మెషీన్లు అమ్ముకునే సేల్స్‌మన్, నెపోలియన్ సైన్యంలో ఓడి ఇంటిదారి పట్టిన సిపాయి. గిటార్ ఆ మనిషిని దాటి ముందుకు రాదు. అందుకే మొదటిసారి వినేటప్పుడు ఫోన్‌లో లిరిక్స్ తెరిచి పెట్టుకోండి. సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

నేను మ్యుజీషియన్‌ని కాదు. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో గిటార్ పట్టుకున్నవాణ్ణి, ఇప్పటికీ ఆదివారాలు వాయించుకుంటాను. అప్పట్లో మా హాస్టల్లో సుల్తాన్స్ చివర వచ్చే ఆ వేగమైన ముక్క వాయించగలిగినవాడే గిటారిస్టు. మిగతావాళ్లం శ్రోతలం. ఆ బ్యాచ్‌లో చాలామంది డైర్ స్ట్రెయిట్స్ దగ్గరే ఆగిపోయారు. నన్ను ముందుకు లాగింది 'వై ఐ మ్యాన్' అనే పాట. ది రాగ్‌పికర్స్ డ్రీమ్ (2002) ఆల్బమ్‌లో మొదటి పాట అది.

మాది జగిత్యాల దగ్గర పల్లె. మా చిన్నాయన దుబాయిలో మేస్త్రీ పని చేశాడు. మా ఊళ్లో గల్ఫ్‌కి మనిషిని పంపని వాడ లేదు. ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలో, న్యూకాజిల్ చుట్టుపక్కల, 1980ల్లో బొగ్గు గనులూ ఓడల కార్ఖానాలూ వరసగా మూతపడ్డాయి. అక్కడి తాపీ మేస్త్రీలు, వడ్రంగులు పనిముట్లు మూట కట్టుకుని పడవెక్కి జర్మనీ వెళ్లి భవనాలు కట్టారు. పాట వాళ్ల గురించే. అప్పటి ప్రధాని థాచర్ మీద కోపం, షెడ్లలో కాపురం, సాయంత్రం బీరు, మధ్యమధ్యలో సొంత ఊరి టైన్ నది మీద బెంగ, అన్నీ ఉంటాయి. అయినా ఏడుపు పాట కాదు, కాళ్లతో తాళం వేయించే పాట. చిన్నాయన సెలవుకి వచ్చినప్పుడు అక్కడి కష్టాలు చెప్పేది కూడా అచ్చం ఇలాగే, నవ్విస్తూ. ఒక ఇంగ్లిష్ రాక్ స్టార్‌కి ఈ సంగతి ఎట్లా తెలిసిందబ్బా అనుకుని అప్పుడు ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

తెలియడానికి కారణం ఉంది. నాప్‌ఫ్లర్ 1949లో గ్లాస్గోలో పుట్టినా పెరిగింది న్యూకాజిల్ దగ్గరి బ్లైత్‌లో. పదిహేనేళ్ల వయసులో న్యూకాజిల్ ఈవెనింగ్ క్రానికల్ పేపర్ ఆఫీసులో కాపీ బాయ్‌గా చేశాడు. తర్వాత లీడ్స్‌లో యార్క్‌షైర్ ఈవెనింగ్ పోస్ట్‌కి జూనియర్ రిపోర్టర్. ఆపైన ఇంగ్లిష్ లిటరేచర్‌లో డిగ్రీ, కొన్నాళ్లు కాలేజీలో పాఠాలు. 1977లో లండన్‌లో డైర్ స్ట్రెయిట్స్ మొదలయ్యేనాటికి ఆయనకి ముప్పై దగ్గర పడుతున్నాయి. అంటే రాక్ స్టార్ కాకముందే వార్తలు రాసిన మనిషి. ఆ ఈవెనింగ్ క్రానికల్‌లోనే బేసిల్ బంటింగ్ అనే కవి, వయసు మళ్లాక, పొట్టకూటి కోసం పనిచేసేవాడు. ఆ పెద్దాయన మొహంలోని విసుగుని కుర్ర కాపీ బాయ్ మరిచిపోలేదు. యాభై ఏళ్ల తర్వాత ట్రాకర్ (2015) ఆల్బమ్‌లో 'బేసిల్' అని ఆయన మీదే పాట కట్టాడు.

ఆ రిపోర్టర్ కన్ను బాగా కనబడేది షాంగ్రీ-లా (2004)లో. దీనికి ముందు 2003 మార్చిలో లండన్‌లో మోటార్ సైకిల్ యాక్సిడెంట్ అయ్యి ఆయన కాలర్ బోన్, భుజం ఎముక, ఏడు పక్కటెముకలు విరిగాయి. కొన్ని నెలలు గిటార్ పట్టుకోలేకపోయాడు. ఆ తర్వాత కాలిఫోర్నియాలోని మాలిబూలో అదే పేరున్న స్టూడియోలో రికార్డ్ చేసిన ఆల్బమ్ ఇది. మొదటి పాట '5.15 ఎ.ఎం.' వినండి. 1967 జనవరిలో న్యూకాజిల్ పక్కనున్న డరమ్ కౌంటీలో జరిగిన నిజమైన హత్య దానికి ఆధారం. క్లబ్బుల్లో పెట్టే జూదం మెషీన్ల డబ్బు వసూలు చేసే మనిషిని చంపి, జాగ్వార్ కారులో వదిలేశారు. తెల్లవారుజామున నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి వెళ్తున్న గని కార్మికుడు ఆ కారు చూశాడు. నాప్‌ఫ్లర్ కథని ఆ కార్మికుడి వైపు నుంచే మొదలుపెడతాడు. మంచు, సైకిలు, ఆగి ఉన్న కారు. అక్కణ్ణుంచి జూదం మెషీన్ల వ్యాపారానికి వెళ్లి, చివరికి ఆ జిల్లా గనుల్లో పోయిన ప్రాణాల దాకా వస్తాడు. ఒక క్రైమ్ వార్త ఒక ప్రాంతం చరిత్రగా మారిపోతుంది. గిటార్ మాత్రం ఎక్కడా గొంతు పెంచదు. నా లెక్కలో ఆయన రాసిన పాటల్లో దీన్ని మించింది లేదు. డైర్ స్ట్రెయిట్స్ పాట టెలిగ్రాఫ్ రోడ్ అభిమానులు నాతో పోట్లాడతారని తెలుసు.

అదే ఆల్బమ్‌లో 'బూమ్, లైక్ దట్' కూడా ఉంది. రే క్రాక్ అనే సేల్స్‌మన్ మెక్‌డొనాల్డ్ అన్నదమ్ముల హోటల్ చూసి, దాన్ని తన చేతుల్లోకి తీసుకున్న కథ. పాడేది ఆ వ్యాపారి నోటితోనే. ఆ మనిషి ఎంత దూరం వెళ్లగలడో మీకే అర్థమవుతుంటుంది, పాట ఎక్కడా తీర్పు చెప్పదు.

ఇక గిటార్ సంగతి. ఆయన పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) దాదాపుగా వాడడు. బొటనవేలు, పక్కన రెండు వేళ్లు, అంతే. పుట్టుకతో ఎడమచేతి వాటం, కానీ గిటార్ పట్టేది మాత్రం కుడిచేతివాళ్లలాగే. అంటే బలమైన చెయ్యి తీగలు నొక్కే పనిలో ఉంటుంది. ఆ వైబ్రాటోలో (స్వరాన్ని వణికించడం), బెండ్స్‌లో (తీగని పక్కకి లాగి స్వరం పెంచడం) కనిపించే పట్టుకి అదీ ఒక కారణం అయ్యుంటుందని నా అనుమానం. సోలో రికార్డుల్లో వాల్యూమ్ పెడల్ (కాలితో శబ్దం పెంచి తగ్గించేది) వాడకం గమనించండి. తీగ మీటిన శబ్దం వినబడకుండా, స్వరం ఎక్కణ్ణుంచో తేలుతూ వస్తుంది. కర్ణాటక కచేరీలో గాయకుడు ఒక సంగతి పాడి ఆగగానే పక్కనున్న వయొలిన్ దాన్నే చిన్నగా అంటుంది చూడండి, ఈయన పాటలో గిటార్ చేసేది ఆ పనే. తేడా ఏంటంటే గాయకుడూ ఆయనే, పక్కవాద్యమూ ఆయనే. ఈ చిన్న చిన్న జవాబులు నేర్చుకుందామని కూర్చుంటే తెలుస్తుంది అసలు కష్టం. సుల్తాన్స్ ముక్కని రోజూ సాధన చేస్తే వేళ్లకి వచ్చేస్తుంది. ఒక లైన్‌కీ ఇంకో లైన్‌కీ మధ్య మూడే స్వరాలు వేసి ఊరుకోవడం నాకు ఈరోజుకీ రాదు.

మీకు మాత్రం గిటార్ నిండుగా వినబడాలి కదా. అందుకని సెయిలింగ్ టు ఫిలడెల్ఫియా (2000)తో మొదలుపెట్టండి. మొదటి పాట 'వాట్ ఇట్ ఈజ్'లో పాత స్ట్రాటోకాస్టర్ (ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్) నాప్‌ఫ్లరే పలకరిస్తాడు, బెంగ తీరుతుంది. టైటిల్ పాట చార్ల్స్ మేసన్, జెరెమయా డిక్సన్ అనే సర్వేయర్ల సంభాషణ. 1760ల్లో అమెరికాలో పెన్సిల్వేనియా, మేరీలాండ్‌ల మధ్య సరిహద్దు గీసింది వీళ్లే. డిక్సన్‌ది డరమ్ కౌంటీ, అందుకే ఆ భాగం నాప్‌ఫ్లర్ తనే పాడి, మేసన్ భాగం అమెరికన్ గాయకుడు జేమ్స్ టేలర్‌కి ఇచ్చాడు. సర్వే మీద ఇంత అందమైన పాట ఉంటుందని ఎవరనుకుంటారు! ఆ తర్వాత 'స్పీడ్‌వే ఎట్ నాజరెత్'. ఒక రేస్ డ్రైవర్ సీజన్ అంతా ఓడి, దెబ్బలు తిని, చివరికి పెన్సిల్వేనియాలోని నాజరెత్ ట్రాక్ మీద గెలుస్తాడు. మాటలైపోయాక గిటార్ అందుకుని, ల్యాప్ మీద ల్యాప్ వేసినట్టు పోతూనే ఉంటుంది. మీరడిగిన ఆ గిటార్ ఇక్కడ ఉంది. ఇంకొకటి కావాలంటే ది రాగ్‌పికర్స్ డ్రీమ్‌లో 'హిల్ ఫార్మర్స్ బ్లూస్' చివరి భాగం.

2005 మార్చిలో ఆయన మన దేశం వచ్చి ముంబయి, బెంగళూరుల్లో కచేరీలు చేశాడు. నేనప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి వెళ్లగలిగాను. సుల్తాన్స్ మొదలవగానే జనం ఊగిపోయారు, నేనూ అరిచాను, దాచుకోవడానికేముంది. కానీ రికార్డుల్లో సాదాగా అనిపించిన సోలో పాటలు స్టేజీ మీద ఎంత పెద్దవవుతాయో అక్కడే తెలిసింది. కొత్త పాటలప్పుడు వెనక వరసల్లో కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ల మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే.

అన్నీ బాగుంటాయని అబద్ధం చెప్పను. మీరన్న 'అన్నీ ఒకేలా' అనే ఫిర్యాదు కిల్ టు గెట్ క్రిమ్సన్ (2007)కి చాలావరకు వర్తిస్తుంది. పాటలు విడివిడిగా బాగుంటాయి, వరసగా వింటే కునుకు పడుతుంది. ప్రైవటీరింగ్ (2012) డబుల్ ఆల్బమ్, అందులో బ్లూస్ పాటలు కొన్ని తీసేస్తే ఒక్క డిస్కు సరిపోయేది. మొదటి సోలో ఆల్బమ్ గోల్డెన్ హార్ట్ (1996) ఎగుడుదిగుడుగా ఉంటుంది, కానీ ఐరిష్ సంగీతకారులతో చేసిన 'డన్ విత్ బోనపార్ట్' కోసం దాన్ని వదలొద్దు. మాస్కో నుంచి మంచులో వెనక్కి నడుస్తున్న సిపాయి పాట అది.

గెట్ లక్కీ (2009)కి వచ్చేసరికి స్కాటిష్ ఫిడిల్, వేణువు బాగా కలిసిపోయాయి. అందులో చివరి పాట 'పైపర్ టు ది ఎండ్' ఆయన మేనమామ ఫ్రెడ్డీ మీద. బ్యాగ్‌పైప్ వాయించే ఆ కుర్రాడు 1940 మే నెలలో ఫ్రాన్స్‌లోని అరాస్ దగ్గర యుద్ధంలో చనిపోయాడు. పైప్స్ వెంటబెట్టుకునే యుద్ధానికి వెళ్లాడు. ఈ పాట మాటలు ముందు చదివి ఆ తర్వాత వినండి.

అమెరికన్ కంట్రీ గాయని ఎమీలూ హారిస్‌తో కలిసి చేసిన ఆల్ ద రోడ్‌రన్నింగ్ (2006) గురించి మన దగ్గర పెద్దగా మాట్లాడుకోరు. అందులో 'ఇఫ్ దిస్ ఈజ్ గుడ్‌బై' 2001 సెప్టెంబర్ 11 దాడుల్లో చిక్కుకున్నవాళ్లు ఇళ్లకి చేసిన చివరి ఫోన్ కాల్స్ గురించి. ఆ విషయం తెలియకుండా వింటే మామూలు విరహగీతం అనుకుంటారు. తెలిశాక కారు నడుపుతూ వినలేకపోయాను.

చిన్న పిట్టకథ: మడగాస్కర్‌లో దొరికిన ఒక డైనోసార్‌కి 2001లో మసియాకసారస్ నాప్‌ఫ్లరీ అని పేరు పెట్టారు. తవ్వకాల దగ్గర ఈయన పాటలు పెట్టినప్పుడల్లా ఎముకలు దొరికేవట. పాతకాలం రాక్ గిటారిస్టులని డైనోసార్లని వెక్కిరించేవాళ్లకి భలే అవకాశం.

బ్యాండ్ మళ్లీ కలుస్తుందేమో అని ఆగి ఉంటే, ఆ ఆశ వదిలేయండి. బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్ (1985) మూడు కోట్ల కాపీలు దాటిన ఆల్బమ్. మళ్లీ కలిసి స్టేడియంలు నింపడం ఆయనకి చిటికెలో పని. అయినా ఒప్పుకోలేదు. ఆ హంగామా తన చేయి దాటిపోయిందని చాలాసార్లు చెప్పాడు. 2018లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ బ్యాండ్‌ని చేర్చుకుంటే ఆ ఫంక్షన్‌కి కూడా వెళ్లలేదు. 2019 తర్వాత టూర్లు లేవు. 2024 జనవరిలో తన గిటార్లు, యాంప్లిఫయర్లు నూట ఇరవైకి పైగా లండన్‌లో క్రిస్టీస్ సంస్థ ద్వారా వేలం వేస్తే దాదాపు 88 లక్షల పౌండ్లు వచ్చాయి, అందులో పావు వంతు చారిటీలకి ఇచ్చాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో వన్ డీప్ రివర్ అని కొత్త ఆల్బమ్ కూడా వచ్చింది. పేరులోని నది టైనే.

కాబట్టి ఇక లైవ్‌లో చూడాలంటే రికార్డింగులే గతి. ఎమీలూ హారిస్‌తో చేసిన రియల్ లైవ్ రోడ్‌రన్నింగ్ (2006) తీసుకోండి. 'స్పీడ్‌వే ఎట్ నాజరెత్' అందులో ఉంది. పాట చివర ఆయన చేతులు చూడండి, ముఖ్యంగా కుడిచెయ్యి. పిక్ లేకుండా అంత పని ఎలా జరుగుతోందో నాకు పూర్తిగా అంతుపట్టలేదు. మీకు తెలిస్తే కామెంట్లో రాయండి.